వేరుమన్ను

కరుణశ్రీ చేసే ఉద్యోగం ఏంటో ఆమె పుట్టిన పల్లెలో ఎవరికీ సరిగ్గా తెలియదు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెబుతుందని తెలుసు, తెల్లకోటు వేసుకుంటుందని తెలుసు. అంతకు మించి ఎవరైనా అడిగితే ఆమె పిన్ని స్టెల్లా, "మట్టిలో పురుగుల్ని లెక్కపెడుద్దంట" అని తేల్చేసేది. పురుగులు కావు పిన్నీ, బాక్టీరియా అని కరుణశ్రీ చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి పురుగులకే ఒప్పుకుంది.

నిజానికి ఆ లెక్క వినడానికి బాగానే ఉంటుంది. వరి దుబ్బును పీకి దులిపితే మట్టి చాలావరకు రాలిపోతుంది. ఎంత దులిపినా వదలకుండా వేరుకు పలచగా అంటుకుని కాస్త మిగులుతుంది. ఆ కాస్తే కరుణశ్రీకి కావాలి. దాన్ని ఆమె వేరుమన్ను అంటుంది. వేరులోంచి కారే తియ్యటి ఊట కోసం నేలలోని బాక్టీరియా అక్కడికి చేరి కాపురం పెడతాయి. ఒక్కో వరి రకానిది ఒక్కో ఊట. పెళ్ళికి శుభలేఖలు పంచేది ఇంటివాళ్ళే అయినా వచ్చేది ఆ చుట్టుపక్కల జనమే కదా. అలాగే పిలిచేది వేరు, వచ్చేవి మాత్రం ఆ నేలలో ఉన్నవే. పిలుపుది పైచేయా, నేలది పైచేయా అన్నదే ఆమె కొన్నేళ్ళుగా పట్టుకున్న తగువు.

తగువు తీరాలంటే రెండు రకాలు, రెండు నేలలు కావాలి. రకాల్లో ఒకటి అందరూ తినే బీపీటీ. రెండోది నల్లమూతి. గింజ కొసన కాటుక చుక్క పెట్టినట్టుండే ఆ పాత రకం రేపల్లె దగ్గర ఆమె బాబాయి ఆశీర్వాదం పొలంలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. నేలల్లో ఒకటి బాపట్ల ఇసక, రెండోది ఆ బాబాయి పొలంలోని నల్లరేగడి. రెండు రకాలనూ రెండు చోట్లా వేయించింది. బాపట్లలో రెండిటి వేరుమన్నూ తీసి గడ్డకట్టించి దాచింది. బాబాయి పొలంలో బీపీటీ ముందుగా పండింది, దానిదీ తీసింది. ఇక మిగిలింది నల్లమూతి, దాని సొంత నేలలో. అది తాపీగా పండే రకం.

ఆ మిగిలిన ఒక్కటీ లేకపోతే తక్కిన మూడూ ఎందుకూ కొరగావు. పైగా అది మళ్ళీ దొరికేది కాదు. ఆశీర్వాదం పొలానికి మూడు వైపులా రొయ్యల చెరువులు లేచాయి. ఉప్పునీళ్ళు ఊరి ఊరి గట్టు పక్క వరి తెల్లబడుతోంది. ఆయన ఓపిక పట్టి పట్టి, ఈ కోత అయ్యాక పొలాన్ని చెరువుకు ఇచ్చేస్తున్నానని చెప్పేశాడు. ఒక్కసారి ఉప్పునీళ్ళు నిలిచాయంటే ఆ నేలలో తరతరాలుగా కాపురమున్నవి చాలావరకు పోతాయని కరుణశ్రీకి చదువు చెప్పింది. ఆ బురదలో ఆమె తల్లి పుల్లమ్మ పాదాలు జీవితమంతా నానాయన్నది మాత్రం చదువుతో పనిలేని బాధ.

పుల్లమ్మ నారు పీకుతుంటే చూడాలి. గుప్పెడు పీకడం, వేర్లను కాలికేసి రెండు దెబ్బలు కొట్టి బురద విదిలించడం, కట్ట కట్టి వెనక్కి విసరడం, అన్నీ ఒక్క ఊపులో. గట్టు మీద కూర్చున్న కరుణశ్రీ మొహాన బురద చుక్కలు పడేవి. నాట్లు ఊడ్చిన పొలం కొన్నాళ్ళు పసుప్పచ్చగా, జ్వరం పడి లేచినట్టు నీరసంగా ఉండేది. ఒకరోజు పొద్దున్నే చూస్తే చేనంతా పచ్చబడి ఉండేది. "మూన తిరిగిందే" అనేది పుల్లమ్మ సంబరంగా. ఊడ్చిన నారు కొత్త మట్టిలో వేరు పట్టి తేరుకోవడాన్ని మూన తిరగడం అంటారు. పట్నంలో పెరిగినవాళ్ళకి ఆ మాట తెలియకపోతే అది వాళ్ళ దురదృష్టం.

కరుణశ్రీని బాపట్ల హాస్టల్లో చేర్చిన రోజు తండ్రి శాలేమురాజు మాస్టారు ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు. పుల్లమ్మ గేటు దగ్గర కూతురి కళ్ళు తుడిచి, "ఏడవమాకే. నాలుగు రోజులు పసుపెక్కుతావు, తర్వాత మూన తిరుగుతావు" అంది. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా పలకరింపు అదే. "ఏమే, మూన తిరిగావా?" "ఇంకా లేదమ్మా." మొదట్లో ఆ జవాబు నిజమే. తర్వాత సరదాకి చెప్పేది. ఆ తర్వాత, ఆ జవాబు వింటే అమ్మ మొహం వెలిగేది కాబట్టి చెప్పేది. ఉద్యోగం బాపట్లలోనే, పెళ్ళి బాపట్లలోనే, పిల్లలు పుట్టింది బాపట్లలోనే. అయినా ఆ జవాబు మారలేదు. తల్లి పోయాక ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

కోత దగ్గర పడుతుండగా బాబాయికి ఫోన్ చేసింది. "కోయడానికి ముందు నాకో పది దుబ్బులు వేర్లతో సహా కావాలి బాబాయ్. శనివారం వస్తా."

"అదెంత పనమ్మా," అన్నాడు ఆశీర్వాదం.

ప్రాజెక్టు గడువు అయిపోయింది కాబట్టి కాలేజీ జీపు లేదు. ఐస్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని రైలెక్కింది. తెనాలిలో దిగి రేపల్లె బండి మారాలి. హాస్టల్ సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు తండ్రి ఇదే ప్లాట్‌ఫారం మీద, ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్కలు కాగితంలో పట్టుకుని నిలబడి ఉండేవాడు. బండి రేపల్లెదాకా వస్తుందిగా, ఇంతదూరం ఎందుకు నాన్నా అంటే, బళ్ళు మారేచోట పిల్లలు తప్పిపోతారనేవాడు. ఆ మాటన్నప్పుడు ఆమె డిగ్రీలో ఉంది. ఇప్పుడు ఆ చోట మంచినీళ్ళ సీసాలు అమ్మే కొట్టు ఉంది. జామకాయ ముక్కలు దొరుకుతాయేమోనని అటూ ఇటూ చూసి, లేవని తెలిసి బండెక్కింది.

వేమూరు దాటాక ఎదురుగా కూర్చున్న పూలావిడ డబ్బా వంక చూసి చూసి, "రొయ్యలా అమ్మా?" అంది.

"ఖాళీదండి. మన్ను తెచ్చుకోవడానికి."

"మన్ను కోసం రైలెక్కి పోతున్నావా!" ఆవిడ నవ్వాపుకోలేక పక్కావిడకి చెప్పింది. పక్కావిడ ఇంకొకరికి చెప్పింది. భట్టిప్రోలు వచ్చేసరికి పెట్టెలో సగం మందికి కరుణశ్రీ సంగతి తెలిసిపోయింది. ఆమెకూ నవ్వొచ్చింది.

రేపల్లెలో దిగి ఆటోలో పల్లెకు చేరేసరికి బాబాయి వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. డెబ్భై దాటినా చొక్కా నలగనివ్వని మనిషి. "రా అమ్మా, నీ సరుకు సిద్ధం," అంటూ వసారాలోకి తీసుకెళ్ళాడు. మంచం మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. దాని మీద పది వరి దుబ్బులు, అరటినారతో కట్టి, వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. వాటి వేర్లు దువ్విన తెల్లజుట్టులా తళతళలాడుతున్నాయి. మచ్చుకైనా మట్టి లేదు.

కరుణశ్రీ చేతిలో డబ్బా కింద పెట్టింది.

"బుధవారమే పీకానమ్మా. కాలవలో మూడుసార్లు కడిగాను, వేర్ల సందులో ఉన్నది మీ పిన్ని పాత బ్రష్షుతో తీసింది. నలుగురు చదువుకున్నవాళ్ళు చూసేచోటికి బురద ఓడుతూ పంపిస్తే మాస్టారి తమ్ముడు ఇంతేనా అనుకోరూ?"

"పొలం చూసొద్దాం బాబాయ్," అంది ఆమె మెల్లగా. కడిగితే కడిగారు, చేలో ఇంకా దుబ్బులుంటాయి, లేకపోతే కోసిన మోళ్ళన్నా ఉంటాయి అనుకుంది.

పొలం లేదు. పొక్లెయిన్ పళ్ళు నేల పైపొరంతా గీకి నాలుగు పక్కలా కట్టలు పోశాయి. నడుమ గొయ్యి. ఇసుమంత చోటు కూడా వదల్లేదు. వరి మోళ్ళు ఆ మట్టిలో ఎక్కడ కలిసిపోయాయో దేవుడికి తెలియాలి. పక్క చెరువు పని తొందరగా అయిపోయి యంత్రం ఖాళీగా ఉందట. ఇప్పుడైతే వస్తుంది, తర్వాతైతే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారట. బుధవారం కోసేశారు, గురువారం తవ్వేశారు. "నీ మొక్కలు భద్రంగా ఉన్నాయి గదా అని ఫోన్ చెయ్యలేదమ్మా," అన్నాడు ఆశీర్వాదం. తవ్విన వైపు ఆయన చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు. "ఏంటమ్మా, తప్పు చేశానా?"

కరుణశ్రీకి కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. కాకపోతే అది ఎవరి మీద చూపించాలి? మన్ను గురించి బతుకంతా పాఠాలు చెప్పే మనిషి, ఫోన్లో వేర్లతో సహా అంది గానీ మన్నుతో సహా అనలేదు. బడికెళ్ళే పిల్లకి తలంటి జడలేసినట్టు ఆయన వేర్లను ముస్తాబు చేశాడు. గౌరవం కొద్దీ చేసిన పనికి ఆయన్ని ఏమనగలదు.

"లేదు బాబాయ్. ఎంత శుభ్రంగా కడిగావో," అంది. ఆ మాటకి ఆయన మొహం విప్పారింది. అది చూసి ఆమెకి ఇంకా బాధ వేసింది.

ఇంటికొచ్చాక వంటింట్లో పిన్ని దగ్గర మాత్రం దాచలేకపోయింది. స్టెల్లా చేపల పులుసు కలుపుతూ అంతా వింది. గరిటె ఆపింది. పాత బ్రష్షు గుర్తొచ్చి కాబోలు, తల దించుకుంది. తర్వాత ఉన్నట్టుండి, "చర్చిలో ఉన్నాయి గదే కడగనివి," అంది.

రేపు ఆదివారం కోత పండగ. పంటలో మొదటి ఫలం దేవుడికి ఇచ్చే ఆరాధన అది. అందరూ వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు తెచ్చి పెడతారు. ఒక్క పుల్లమ్మ మాత్రం కంకులు కోసేది కాదు. కొడవలి తగలకముందు ఇవ్వాలని మూడు దుబ్బులు బురదతో సహా పెళ్ళగించి, సత్తు బేసిన్లో పెట్టి, నెత్తిన పెట్టుకుని వచ్చేది. తండ్రికొకటి, కుమారుడికొకటి, పరిశుద్ధాత్మకొకటి. బురద కారి చీర పాడైపోతుందని మాస్టారు విసుక్కున్నా వినలేదు. ఆమె పోయాక ఆ మొక్కు స్టెల్లా అందుకుంది. ఈసారీ కోతకి ముందే పెళ్ళగించి చర్చిలో పెట్టి, రోజూ చెంబుడు నీళ్ళు పోసి వస్తోంది.

మూడు. ఏ పరీక్షైనా కనీసం మూడు నమూనాలు లేకపోతే లెక్కకు రాదని కరుణశ్రీ ఏటా కొత్త పిల్లలకు చెప్పే మొదటి పాఠం. ఆమె పిన్నిని పట్టుకుని ఏడ్చినంత పని చేసింది.

ఇద్దరూ అప్పుడే చర్చికి వెళ్ళారు. బల్ల పక్కన అదే బేసిను, అంచు ఒకచోట సొట్టపోయి, తల్లి నెత్తి మీద చూసిన బేసినే. మూడు దుబ్బులూ పచ్చగా, కంకులు వంచుకుని ఉన్నాయి. వేర్ల చుట్టూ నల్లటి మన్ను తడితడిగా మెరుస్తోంది. కరుణశ్రీ వంగి వాసన చూసింది. చిన్నప్పుడు మొహాన పడ్డ చుక్కల వాసన. ఒంటి నిండా ఆ గట్టు, ఆ ఎండ, అమ్మ కాలి చప్పుడు వచ్చేశాయి.

పాస్టరు వరప్రసాదం అయ్యగారు సంగతి విని తల గోక్కున్నారు. "మీ ఇంటివే అయినా పెట్టాక దేవుడివమ్మా. రేపు ఆరాధన అయ్యాక ఎలాగూ వేలంపాట పెడతాం. పాడుకుని పట్టుకెళ్ళు, అందరికీ బాగుంటుంది."

సరేనంది. రాత్రికి డబ్బాలో ఐసు కరిగిపోతుందన్న బెంగ అక్కర్లేకపోయింది. రొయ్యల పుణ్యమా అని ఆ ఊళ్ళో ఇప్పుడు ఐసుకు కొదవలేదు. ఈ విషయాన్ని బాబాయి దగ్గర ఎత్తకూడదని మాత్రం పిన్ని దగ్గర మాట తీసుకుంది. ఆయన కడిగింది వృథా అయిందని ఆయనకి తెలియకుండా ఈ పని అయిపోతే చాలనుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పాట మొదలైంది. గుమ్మడికాయలూ కోళ్ళూ పోయాక బేసిను వంతు వచ్చింది. కరుణశ్రీ పాడింది. వెంటనే మగవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు ఇంకాస్త పైకి పాడింది. చూస్తే ఆశీర్వాదం. ఆమె మళ్ళీ పాడింది, ఆయన మళ్ళీ పెంచాడు. జనానికి మంచి వినోదం దొరికింది. "బాబాయీ కూతురూ పోటీ పడ్డారయ్యా, అయ్యగారి పంట పండింది," అని ఎవరో అన్నారు. కరుణశ్రీ ఇంకోసారి పాడబోతూ బాబాయి మొహం చూసింది. ఆయన నవ్వడం లేదు. రెండు చేతులూ కర్ర మీద బిగించి, ఆ బేసిను తప్ప లోకంలో ఇంకేదీ లేనట్టు చూస్తున్నాడు.

ఆమెకు అప్పుడు తట్టింది. ఆ పొలంలో మిగిలినవి ఆ మూడు దుబ్బులే. తనకి ఎంత ఆఖరివో, ఆయనకీ అంతే ఆఖరివి. తను నల్లమూతి మీద కాగితాలు రాస్తుంది, ఆయన దాన్ని తిని బతికాడు. నోటిదాకా వచ్చిన పాట మింగేసింది. బేసిను ఆశీర్వాదానికి ఖాయమైంది.

ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని గేటు వైపు నడుస్తుంటే స్టెల్లా ఎదురెళ్ళింది. మాట ఇచ్చిన మనిషే, కానీ ఆపుకోలేకపోయింది. ఆవిడ ఏం చెప్పిందో కరుణశ్రీకి వినపడలేదు. బాబాయి నడక ఆగడం మాత్రం కనిపించింది. తర్వాత వెనక్కి తిరిగి, ఎండలో నెమ్మదిగా నడిచి వచ్చి, బేసినును ఆమె ముందు మెట్టు మీద పెట్టాడు.

"ఇది కడగలేదమ్మా," అన్నాడు.

ఆ మెట్టు మీదే పని మొదలుపెట్టింది. చేతులకు తొడుగులు వేసుకుని ఒక్కో దుబ్బూ పైకి తీసి, దులిపి, వేర్లకు మిగిలిన మన్నును చిన్న గొట్టాల్లోకి తీసింది. ఆశీర్వాదం పక్కన కూర్చుని చూశాడు. "ఇంతేనా నీకు కావాల్సింది? చిటికెడు?"

"ఇంతే బాబాయ్. మిగతా మన్ను, గింజలు నువ్వు ఉంచుకో."

"నేనేం చేసుకోను, ఉప్పునీళ్ళలో పారబోసుకోనా? నువ్వే పట్టుకుపో." ఆ మాటలో విసురు ఉంది. అది ఆమె మీద కాదని ఇద్దరికీ తెలుసు. అలా కరుణశ్రీ డబ్బాతో పాటు నల్లమన్ను నిండిన సత్తు బేసినుతో, చీరకి బురద మరకలతో బాపట్ల చేరింది.

ఫలితాలు వచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. ఆ సాయంత్రమే బాబాయికి ఫోన్ చేసింది. నేలదే పైచేయి అని చెప్పింది. బాపట్ల ఇసకలో పెరిగిన నల్లమూతి చుట్టూ చేరినవి చాలావరకు బాపట్లవే. కాకపోతే కొన్ని, బీపీటీ దగ్గర కనపడనివి, నల్లమూతి వేరు దగ్గర మాత్రం రెండుచోట్లా కనపడ్డాయి. గింజలో దాచుకుని వెంట తీసుకెళ్ళిందో, ఇసకలో వెతికి పిలుచుకుందో ఇంకా తేలలేదు.

"అంటే మన నల్లమూతి ఇసకలో మూన తిరిగినట్టేగా?"

"తిరిగింది బాబాయ్. పాతవాళ్ళని పూర్తిగా వదల్లేదు, అంతే."

"నీలాగా," అన్నాడాయన నవ్వి.

ఆమె కూడా నవ్వింది. అమ్మకి చెప్పాల్సిన జవాబు ఇన్నాళ్ళకు దొరికిందనిపించింది, చెప్పడానికి అమ్మ లేదు. ఫోన్లో బాబాయి వెనక ఏదో హోరు వినిపిస్తోంది. చెరువులో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు. ఆ హోరు వింటుంటే, ఆ ఊరు దాటని మనిషిని ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరని తోచింది.

"బాబాయ్, నువ్వు మూన తిరిగావా?"

ఆయన చక్రాలకి దూరంగా జరిగినట్టున్నాడు, హోరు కాస్త తగ్గింది.

"కింద మన్నుండాలి గదమ్మా," అన్నాడు ఆశీర్వాదం. వెంటనే మాట మార్చి, పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు.

ఫోన్ పెట్టేసి కరుణశ్రీ పెరట్లోకి వెళ్ళింది. బేసినులో నల్లమన్ను ఎండి బీటలిచ్చి ఉంది. చెంబుతో నీళ్ళు పోసి, చేత్తో మెత్తగా మెదిపింది. నల్లమూతి గింజలు నానబెట్టి అందులో చల్లింది. వానలు పడేసరికి నారు జానెడు ఎదిగింది. పీకలేదు, కడగలేదు. పిన్నికి ఫోన్ చేసి, వాళ్ళ పెరట్లో మందారం పక్కన మంచం పట్టేంత చోటు తవ్వించి ఉంచమని చెప్పింది.

తెనాలిలో బండి మారేటప్పుడు పక్కవాళ్ళు కూలీని పిల్చుకోమన్నా వినకుండా నారు బేసినును తనే ఎత్తుకుంది. రేపల్లె బండిలో బేసిను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పైట కప్పిన దాన్ని చూసి ఎదుటి సీటు పెద్దాయన పలకరించాడు.

"ఏంటమ్మా అందులో, రొయ్యలా?"

"కాదండి, మన్ను," అంది కరుణశ్రీ. "మా బాబాయికి."